మొలతాడు మాట

మంగళవారం

మొలతాడు అన్నది నేను కాదు, వదినా. నిన్న రేవులో అంతమంది ముందు, నెత్తిమీది బుట్ట కిందికి దించి మరీ, నా మాట నమ్మే అన్న లోతు వేటకి వెళ్లాడన్నావు. ఆరో తరగతి దాటనివాడికి సూర్యుణ్ణి అప్పజెబితే ఇలాగే అఘోరిస్తుందన్నావు. ఆరో తరగతి సంగతి నిజమే, దానికి నేనేం అనను. మొలతాడు అన్నది మాత్రం నేను కాదు. నాతో మాట్లాడనని పంతం పట్టావు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ పుస్తకం రేడియో గది తలుపుకి వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా చదవచ్చు. నీళ్లకి వెళ్తూ నువ్వు రోజూ చదువుతావని నాకు తెలుసు.

పడవలు వెళ్లిన ఆ రోజు ఏం జరిగిందో విను. పొద్దున్నే కిటికీ చెక్క మూసి, చెక్కకున్న కన్నంలో బిగించిన అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, చీకటి గదిలో ఎదురుగోడకి కాగితం తగిలించాను. కంచం బోర్లించి గీసిన గుండ్రం ఉంటుంది కదా దాని మీద, సూర్యుడు సరిగ్గా ఆ కంచమంతే పడతాడు. మచ్చ పడినచోటల్లా పెన్సిల్‌తో నల్లగా రుద్దాను. గుండ్రానికి నడుమున అడ్డంగా ఉన్న మొలతాడు గీత పక్కన నాలుగు చిన్న మచ్చలు, పెసరగింజలంత. పైన ఎడమ భుజం అంచున ఇంకో గుంపు. అప్పుడే ఇటువైపు తిరుగుతోంది, సగమే కనబడింది. రెండూ గీశాను. ఏదీ దాచలేదు.

కాగితం పట్టుకెళ్లి పోలయ్య తాత చేతిలో పెట్టాను. ఏ రోజుకి ఏ మాటో చెప్పేది ఆయన కదా. మచ్చలు భుజం మీదుంటే సూర్యుడు రేగి రేడియో మూగబోతుంది కాబట్టి వచ్చేయమని, మొలతాడు మీదుంటే సూర్యుడు నెమ్మదించాడు కాబట్టి లోతుకి పొమ్మని. ఆ రెండు మాటల మీదే మన నీలిదిబ్బ బతుకుతోంది. మూడో మాట లేదు. తాత కాగితాన్ని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు. "ఏటిరా తవుడూ, రెండు సోట్లా ఉన్నాయి" అన్నాడు. ఉన్నాయి తాతా అన్నాను. "సూర్యుడు ఒక్కడే గదా" అన్నాడు.

నేను రెండు చోట్లా వేలు పెట్టి చూపించాను.

తాత కుర్రతనంలో సూర్యుడికి ఒక పద్ధతి ఉండేదట. మచ్చలు ముందు భుజాల మీద పుట్టేవి, ఏళ్లు గడిచేకొద్దీ కిందికి జారేవి, మొలతాడు దగ్గరికొచ్చి మాసిపోయేవి. కొన్నాళ్లు బింబం కడిగిన కంచంలా ఉండేది. మళ్లీ భుజాలు. పది పదకొండేళ్లకోసారి ఊపిరి పీల్చి వదిలినట్టు. తర్వాత ఆ పద్ధతి చెడింది. పైన ఆకాశంలో తిరిగే డబ్బాలు ఒక్కొక్కటే రాలిపోయాయి, ఫోన్లు మూగబోయాయి, మనకి ఈ పాత రేడియో మిగిలింది. నేను పుట్టాక డప్పు మీద మొలతాడు అన్న మాట వినలేదు. నువ్వూ వినలేదు. మనం పుట్టిన దగ్గర్నించీ ఒడ్డు కనబడేంత మేర నీళ్లనే గీకి గీకి తింటున్నాం.

అందుకే ఆ పొద్దున తాత గుమ్మంలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా నిలబడి ఉంది. మొలతాడు మీద మచ్చ పడిందని ఎలా తెలిసిందో అందరికీ తెలిసిపోయింది. తాత వాళ్ల మొహాలు చూశాడు. మొలతాడు అని డప్పు మోగింది. నువ్వు ఏడుస్తూ పడవ ముక్కుకి పసుపు రాశావు. నేను చూశాను.

ఇవాళ బింబం మీద ఆ భుజం గుంపు మధ్య దాటేసింది. పెసరగింజలు కాదు, చింతపిక్కలు. తాత తెల్లవారుతూనే భుజం అనేశాడు. మధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి వచ్చాక మైకు ముందు కూర్చుని భుజం, భుజం, భుజం అని గొంతు ఎండిపోయేదాకా చదివాను. రేడియోలో ఇసుక పోస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ ఇసుక సూర్యుడిది. అది పోస్తున్నంతసేపూ నా మాట ఎక్కడికీ వెళ్లదు.

బుధవారం

పుస్తకం చదివావు. నాతో మాట్లాడలేదు. కానీ బోరు దగ్గర ఆడవాళ్లతో నాకు వినబడేలా అన్నావు, రెండూ గీసినవాడు నోరెందుకు మూసుకున్నాడట అని.

మూసుకోలేదు. పడవ నీళ్లలోకి తోస్తుంటే మోకాలిలోతు దాకా అన్న వెంటే వెళ్లాను. భుజం మీద కూడా ఉన్నాయన్నా, సూర్యుడు రేగితే మధ్యాహ్నం ఏమీ వినబడదు, పొద్దు వాలాక కూడా ఒకసారి రేడియో పెట్టండి అన్నాను. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఇసుక అప్పుడే ఎక్కువ. పొద్దు వాలాక పలచబడుతుంది, మాట దూరం వెళ్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, రోజూ ఈ గదిలో కూర్చునే ఎవడికైనా తెలుస్తుంది. కానీ పడవలో సోలారు పలక మీద ఎండ నిండుగా పడేది మధ్యాహ్నమే. కరెంటు అప్పుడే పుష్కలం. మచ్చల వార్త మధ్యాహ్నం వినడం మా తాతల నాటి అలవాటు. సాయంత్రం ఉన్న కాస్త బ్యాటరీ దీపానికి కావాలి, దీపం చూసుకునే మిగతా పడవలు అన్న వెనకాల వస్తాయి. రేడియో ఉన్నది ఆ ఒక్క పడవలోనే కదా. అన్న ఏమన్నాడో తెలుసా? సాయంత్రం పూట కూర ఉడికించుకోవడానికే తీరుబడి ఉండదు, నీ సోది ఎవడు వింటాడు పోరా అని నా నెత్తి మీద నీళ్లు చల్లాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అదీ సంగతి. వాళ్లు వినేటప్పుడు నా మాట వెళ్లదు. నా మాట వెళ్లేటప్పుడు వాళ్లు వినరు.

ఇవాళ పనులు: పలక మీద ఉప్పు పొర తుడిచాను. ఏరియల్ తీగ మీద కాకి గూడు మొదలెట్టింది, తీసి పారేశాను, మళ్లీ పెడుతుంది. మధ్యాహ్నం వార్త చదివాను, ఇసుక. పొద్దు వాలాక మళ్లీ చదివాను. గాలి ఎంత శుభ్రంగా ఉందంటే నా గొంతే నాకు తిరిగి వినబడుతుందేమో అనిపించింది. ఎవరూ పలకలేదు.

పలికింది సెల్వి ఒక్కతే. దక్షిణాన అరవ ఒడ్డు మీద మా లాంటి గది ఉంది, అక్కడ మైకు ముందు ఉండేది ఆవిడ. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. రోజూ వాళ్ల చేపలు, మా చేపలు, ఎండ. ఇవాళ అవేం లేవు. తూర్పున దీవుల దగ్గర పెద్ద గాలి పుట్టింది, కొబ్బరిచెట్లు పడిపోయాయి, గాలి అక్కడ ఆగదు, ఎడమచేతి వైపు పైకి వస్తోంది అని చెప్పింది. ఎడమచేతి వైపు పైకి అంటే ఎక్కడికి అక్కా అన్నాను. "మీ పడవలు ఎక్కడ తంబీ?" అంది.

చెప్పాను.

"రమ్మని చెప్పు" అంది.

గురువారం

వదినా, సెల్వి చెప్పింది చదివి నువ్వు తలుపు దగ్గరే చతికిలబడ్డావని చెప్పారు. నేనప్పుడు మేడమీద తీగ బిగిస్తున్నాను. దిగి వచ్చేసరికి లేచి వెళ్లిపోయావు.

పొద్దుటి బొమ్మ రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. పెద్ద గుంపు మధ్య దాటి సగం దూరం వచ్చేసింది. కుడి అంచు వైపు నడుస్తోంది. బింబం మీద మచ్చ రోజుకి బొటనవేలు మందాన జరుగుతుంది, అంచుకి దగ్గరయ్యేకొద్దీ అడుగు చిన్నదవుతుంది. అంచు దాటి అవతలికి పోతే ఇక దాని ఇసుక మన మీద పడదు. అప్పుడు మధ్యాహ్నం కూడా మాట వెళ్తుంది. భుజం అన్న ఒక్క ముక్క అన్న చెవిన పడితే చాలు, తెరచాప తిప్పేస్తాడు.

ఆ పక్క గాలి వస్తోంది, ఈ పక్క మచ్చ పోతోంది. ఏది ముందో చూడాలి. బొటనవేలు పెట్టి కొలిచాను, మళ్లీ కొలిచాను. మచ్చని ముందుకి తోయడానికి ఏమీ లేదు. గాలిని వెనక్కి నెట్టడానికి ఏమీ లేదు. నేను ఒకచోట కుదురుగా కూర్చోలేనని బడిలో మేష్టారు కొట్టేవారు, అమ్మ కొట్టేది, అందుకే ఈ గదిలో పడేశారు, కనీసం తీగ కోసం మేడెక్కి దిగుతుంటాడని. ఇవాళ తీగ బిగించాక ఇక మేడ ఎక్కాల్సిన పని లేదు. ఊరికే మూడుసార్లు ఎక్కి దిగాను.

మధ్యాహ్నం, ఇసుక.

తర్వాత పోలయ్య తాత వచ్చాడు. ఎప్పుడూ కాగితం ఆయన దగ్గరికి వెళ్లడమే గానీ ఆయన గదికి రావడం నేను చూడలేదు. బల్ల మీద కూర్చుని పడవలు వెళ్లిన నాటి బొమ్మ ఇవ్వమన్నాడు. ఇచ్చాను. రెండు మాటలూ చెప్పి ఉండాల్సింది తాతా, మొలతాడు, కానీ భుజం మీద కూడా ఉన్నాయి అని చెప్పి ఉంటే అన్నాను. ఆయన తల ఊపలేదు, కోప్పడలేదు. తన తండ్రి నాడు ఒకసారి అలాగే రెండు మాటలు చెప్పారట. సగం పడవలు పోయాయి, సగం పోలేదు. పోయినవాళ్లు నిండు వలలతో వచ్చారు. పోనివాళ్ల పిల్లలు ఆ ఏడు పస్తులున్నారు. ఆ గొడవలో రేవులో ఇద్దరు కత్తిపోట్లకి పోయారు. ఆ తర్వాతే ఒక్క మాట కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక్క మాట, అందరికీ. కొత్త మాట వచ్చేదాకా పాత మాటే మాట.

"తప్పో ఒప్పో ఊరంతా ఒక్క పడవలో ఉండాల గదరా" అన్నాడు.

ఉన్నారు తాతా, అందరూ ఒకే వైపు వెళ్లారు అన్నాను. అని ఉండకూడదు. ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. లేచి వెళ్తూ, గుమ్మంలో నీతో ఏదో అన్నాడు వదినా. నువ్వు అక్కడ ఎప్పుడొచ్చి నిలబడ్డావో నేను చూడలేదు.

లోపలికి వచ్చి, "అలా పెన్సిలియ్యి" అన్నావు. పంతం పట్టాక నాతో అన్న మొదటి మాట అదే. బొమ్మ ఎలా గీయాలో చూపించమన్నావు. నువ్వూ ఊరికే కూర్చోలేకపోతున్నావని అర్థమైంది. చూపించాను. మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచుని కూడా నల్లగా రుద్దేశావు. అది వదిలేయాలి. నల్లటిది వేరు, బూడిద వేరు.

శుక్రవారం

ఇది వదిన కోసం కాదు, వదిన పక్కనే ఉంది. చదివేవాళ్లు మిగతావాళ్లు ఉన్నారు కదా, వాళ్ల కోసం. రేవులో అప్పుడే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. జరిగింది ఇది.

మధ్యాహ్నం నేను చదవడం మొదలెట్టిన కాసేపటికి ఇసుక ఆగిపోయింది. తగ్గడం కాదు, పంపు కట్టేసినట్టు ఆగింది. అలా ఎప్పుడో గానీ అవదు. వదిన నా మొహం చూసింది. మైకు నొక్కబోతుంటే అన్న గొంతు. పక్కగదిలోంచి మాట్లాడినట్టు.

"ఒడ్డు, ఒడ్డు. ఎల్లాజీని. ఇనబడతందేటి?"

నొక్కి భుజం అన్నాను. మూడుసార్లు అన్నాను. వదిలి విన్నాను.

"ఇక్కడేటీ ఇనబడ్డం నేదు. ఒకటే సిటపట, నూనెలో ఆవాలేసినట్టు."

అది ఇసుక కాదు. సూర్యుడి చప్పుడు ఇసుకలా ఉంటుంది. ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది మెరుపు. మా దగ్గర ఆకాశం తేటగా ఉంది, ఆ చప్పుడు లేదు. వాళ్ల చుట్టూ ఉంది. వాళ్లకి కనబడనంత దూరంలో ఉండచ్చు, కానీ నా గొంతుని మింగేయగలిగినంత దగ్గరికి వచ్చేసింది. వాళ్ల మాట మాకు వస్తోంది, మా మాట వాళ్లకి పోవడం లేదు.

అన్న మాట్లాడుతూనే ఉన్నాడు. హుషారుగా ఉన్నాడు. చేప విరగబడి పడుతోందట. నీళ్ల మీదికి ఎగిరొచ్చి పడవలో పడుతున్నాయట, వల వేయక్కర్లేదని నవ్వాడు. చేప అలా ఎగిరేది గాలివాన ముందని ఒడ్డున కూర్చున్న నాకు తెలుసు. అన్నకి తెలియదని కాదు. తెలిసిన మనిషి కూడా నిండిన పడవ ముందు మర్చిపోతాడు.

"నీ కాడ్నించి కొత్త మాటేటీ రానేదు తమ్ముడూ. గాబట్టి పాత మాటే మాట. ఇంకా లోనకెల్తన్నాం. మీ వదినకి సెప్పు, ఉప్పు సిద్దం సేసుకోమను, సానా గావాల."

నేను భుజం భుజం అని అరుస్తూనే ఉన్నాను. వదిన నా చేతిలోంచి మైకు లాక్కుంది. ఆవిడ ఏ మాటా చెప్పలేదు. ఎల్లాజీ అని పిలిచింది.

మా ఇంట్లో ఆ పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఓటర్ల లెక్కకి వచ్చినవాళ్లు మొగుడి పేరడిగితే నన్ను పిలిచి చెప్పించేది. గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మలు నోటి మీద కొంగు పెట్టుకున్నారు. ఎల్లాజీ, ఎల్లాజీ, అని పిలుస్తూనే ఉంది, వంట అయింది రమ్మన్నట్టు, అంత మామూలుగా.

"ఓలమ్మ, ఎవులో పిలిసినట్టుంది" అన్నాడు అన్న. పక్కవాడెవడో నవ్వాడు. "ఏటీ నేదు, ఆవాలే" అన్నాడు.

ఇసుక మళ్లీ పడింది.

శనివారం

పెద్ద గుంపు కుడి అంచుకి చేరింది. సన్నగా సాగి, గోరుతో గీరినట్టు ఉంది. రేపటికి అవతలికి పోతుంది.

పొద్దున బొమ్మ వదినే గీసింది. బూడిదరంగు వదిలేసింది, బాగా గీసింది. గీస్తూ గీస్తూ ఆగి, ఎడమ భుజం అంచున వేలు పెట్టి, "ఇదేటి, అద్దానికి మరకా?" అంది. అద్దం తుడిచాను. గుడ్డ దులిపాను. కాగితం జరిపి చూశాను. పోలేదు.

కొత్త గుంపు. పోయినదాని కంటే పెద్దది. మొలతాడు మీద మాత్రం ఆ పెసరగింజలు అలాగే ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు. పాత పద్ధతి పూర్తిగా పోలేదు, కొత్త పద్ధతి ఆగలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. తాత అన్నది మళ్లీ గుర్తొచ్చింది, సూర్యుడు ఒక్కడే కదా అని. ఒక్కడే. ఏం లాభం.

ఇది అటు పోవడానికి మళ్లీ అన్నాళ్లు పడుతుంది. గాలి అన్నాళ్లు ఆగదు. నిన్న పొద్దు వాలాక సెల్వి రాలేదు. ఎంత పిలిచినా పలకలేదు.

మధ్యాహ్నం చదివాక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, ఇంక తిరగకురా, నాకు కళ్లు తిరుగుతున్నాయి అంది వదిన. ఆగాను. ఆగినప్పుడే తట్టింది. రేడియో మాటకి రెండు దారులున్నాయి. ఒకటి పైకి వెళ్లి ఆకాశం కప్పుకి తగిలి దూరాన దిగుతుంది. ఇంకోటి నీళ్ల మీద పాకుతూ పోతుంది. సూర్యుడు మింగేది పైదారినే. నీటిదారికి ఏమీ కాదు, కాకపోతే అది అంత దూరం పోదు. పోగలిగినంత దగ్గరికి మనమే వెళ్తే? మూల పాత సెట్టు ఒకటి పడి ఉంది. చిన్న తెరపడవలో దాన్ని కట్టుకుని తూర్పుకి పోతే, మధ్యాహ్నం అన్న రేడియో పెట్టేటప్పటికి నీటిదారి అందే చోటికి చేరితే, అంత దగ్గర్నించి పిలిస్తే మెరుపుల చప్పుడులో కూడా వినబడుతుంది.

తాత దగ్గరికి పరిగెత్తాను. మొత్తం విన్నాడు. సెట్టు పనిచేస్తదా అని అడిగాడు. చేస్తుందన్నాను. ఎవుడు నడుపుతాడు అన్నాడు. నేనే, సెట్టు ఇంకెవరికీ రాదు అన్నాను. తెర ఎవుడు పడతాడు అన్నాడు. తెర పట్టగలిగినవాళ్లంతా అన్నతోనే ఉన్నారు.

"ఆ గాలిలోకి ఈ సిన్న పడవా? వొద్దురా. ఎల్లినోల్ల కోసం ఏడవడానికే ఈ ఊరికి కన్నీళ్లు సాలవు. నిన్ను కూడా కలపలేను."

వద్దంటే మాత్రం నేను ఆగుతానా తాతా అన్నాను. ఆగవని నాకు తెలుసులే అన్నాడు. నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. అలలు అప్పటికే మారాయి. ఆకు కదిలేంత గాలి లేదు, కానీ ఎక్కడినుంచో పొడవాటి అలలు వస్తున్నాయి, ఒకదానికీ ఒకదానికీ మధ్య చాలా ఎడం, ఒడ్డుకి వచ్చి పడుతుంటే కింద నేల దడ్ దడ్ మంటోంది. తాత వాటినే చూస్తూ కూర్చున్నాడు. నేను లేవబోయాను.

"తెర నాను పడతాను" అన్నాడు.

నీ వయసేంటి తాతా అన్నాను. ఆ మాట ఎవరు చెప్పారో వాళ్లే వెళ్లి వెనక్కి తీసుకోవాలి గదా అన్నాడు. ఇంటికి వెళ్లి తలపాగా చుట్టుకుని తాడు భుజాన వేసుకుని వచ్చాడు.

పడవలో తాడు ఆయనే కట్టబోయాడు. ముడి వేయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి నేను వేశాను.

ఆదివారం

వదినా, పాత సెట్టు పడవలో కట్టాను. తడవకుండా చేపల డబ్బాలో పెట్టి మైనం పూశాను. పలుకుతోంది. ఎంత దూరం పలుకుతుందో తెలియదు.

ఇవాళ్టి బొమ్మ నువ్వు గీసి గోడకి పెట్టావు, చూశాను. కొత్త గుంపు పూర్తిగా తిరిగింది, సరిగ్గానే గీశావు. పోయిన గుంపు ఇంక కనబడదు, దాని కోసం వెతుక్కోకు.

మధ్యాహ్నం మైకు ముందు నువ్వే కూర్చోవాలి. నా గొంతు బొంగురు, ఇసుకలో కలిసిపోతుంది. నీది సన్నం. నువ్వు పిల్లల మీద కేకలేస్తే రేవు అవతలికి వినబడుతుందని ఊరంతా తిట్టుకునేవాళ్లు. ఆ గొంతుతోనే చదువు. గట్టిగా అరవక్కర్లేదు, అరిస్తే మాట చీలిపోతుంది. నెమ్మదిగా, ముక్క ముక్కకీ మధ్య ఊపిరి తీసుకుని. ఏడుపొస్తే ముందు మైకు మీద వేలు తీసెయ్యి. ఏడ్చాక మళ్లీ నొక్కు.

ఇవాళ్టి మాట ఏంటని తాతని అడిగాను. ఆయన పడవలో ఉంటే మరి ఒడ్డున మాట ఎవరు చెప్పాలి అని. "మీ వదిన ఉంది గదా" అన్నాడు. తమాషాకి అనుకున్నాను. కాదు. డప్పు కొట్టేవాడికి కూడా చెప్పేశాడట. కాబట్టి ఇవాళ మాట నీది. మచ్చలు రెండు చోట్లా ఉన్నాయి, నువ్వే గీశావు, నీకు తెలుసు. ఒక్క మాట చెప్తావో, రెండూ చెప్తావో, పేరు పెట్టి పిలుస్తావో, నీ ఇష్టం. నేను ఏమీ అనను. ఏం చెప్పినా ఈ పుస్తకంలో రాయి. ఎవరడిగినా 'నేనే అన్నాను' అని నీ నోటితో చెప్పు, దాచుకోవాల్సిన పని లేదు.

పొద్దు వాలాక మాత్రం మాట్లాడకు, విను. అప్పటికి మేమిద్దరం ఎక్కడున్నా నేను పిలుస్తాను. పైదారి శుభ్రంగా ఉంటుంది, నీకు వినబడుతుంది. వాళ్లకి అందిందో లేదో అప్పుడు చెప్తాను. నేను పిలవకపోతే సెల్వి పిలుస్తుందేమో చూడు. ఎవరూ పిలవకపోతే చెవి తీయకు, తీగ తెగి ఉండచ్చు, డబ్బాలోకి నీళ్లొచ్చి ఉండచ్చు, చాలా ఉంటాయి.

ఉప్పు సిద్ధం చేశావు, చూశాను. గదిలో మూల మూడు బస్తాలు.

గాలి తూర్పు నించి లేచింది. కాకులు తీగ మీద లేవు. బ్యాటరీలో నీళ్లు తగ్గాయి, మధ్యాహ్నానికి ముందే పోయాలి, బోరు నీళ్లు కాదు, కుండలో వాననీళ్లు పట్టి ఉంచాను, అవి పొయ్యి, మూతలు వదులుగా పెట్టు, ఎడమ వైపు దానికి

తాత తెర ఎత్తేశాడు. వెళ్లాలి.